బాల్ మార్కర్: రూపాయి బిళ్ళ చాలా, ఎనామిల్ బిళ్ళ కావాలా?

గుంటూరు నుంచి ఒక డాక్టరు గారు ఫోన్ చేసి "బాల్ మార్కర్లు ఒక అరవై కావాలి, చేస్తారా?" అని అడిగారు. నేను క్షణం కూడా ఆలోచించలేదు. "అవి మా దగ్గర ఉండవండీ, బీసెంట్ రోడ్డులో స్టేషనరీ కొట్లలో అడగండి" అని ఫోన్ పెట్టేశాను. నాకు తెలిసిన మార్కర్ వైట్ బోర్డు మీద రాసేదే మరి. రెండు రోజుల తర్వాత ఆయనే కొట్టుకొచ్చి, జేబులోంచి ఒక బిళ్ళ తీసి కౌంటర్ అద్దం మీద పెట్టారు. పాత రూపాయంత ఉంది. ఒక వైపు నీలం ఎనామిల్, రెండో వైపు నున్నటి నికెల్ ప్లేటింగ్. "ఇదండీ మార్కర్. పెన్ను కాదు, గోల్ఫ్ ఆటలో బంతి ఉన్న చోట గుర్తుగా పెట్టే బిళ్ళ" అన్నారు నవ్వుతూ.

మాది విజయవాడ గవర్నర్‌పేటలో బ్యాడ్జీల కొట్టు. స్కూలు బ్యాడ్జీలు, కెప్టెన్ పిన్నులు, మెడల్స్, షీల్డులు, ఆఫీసు బంట్రోతుల డవాలు బిళ్ళలు, మా నాన్నగారి కాలం నుంచీ ఇదే పని. డాక్టరు గారి బిళ్ళ చేతిలోకి తీసుకోగానే ధైర్యం వచ్చింది. వెనక పిన్ను లేని బ్యాడ్జీ, అంతే కదా అనుకున్నాను. అంతే కాదని ఆ అరవైలో మొదటి ముప్పై పాడయ్యాక తెలిసింది. ఆ కథ కింద చెప్తాను.

ఆ తర్వాత ఇలాంటి ఆర్డర్లు ఇంకో నాలుగు చేశాను. నేను గోల్ఫ్ ఆడను. ఒక్కసారి డాక్టరు గారితో రత్నాచల్‌లో విశాఖ వెళ్ళి, మర్నాడు పొద్దున్నే ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బులో నా బిళ్ళలు గడ్డి మీద ఎలా ఉన్నాయో కళ్ళారా చూసి వచ్చాను. ఇప్పుడు ఎవరైనా "ఏ రకం చేయించుకోమంటారు?" అని అడిగితే చెప్పేదంతా ఒకచోట రాస్తున్నాను. అమ్మేవాడినే అయినా, కొందరికి "కొనకండి" అనే చెప్తాను.

అసలు దీని పనేమిటి

గోల్ఫ్‌లో గుంట ఉన్న చోట గడ్డిని దుప్పటిలా నున్నగా కత్తిరిస్తారు. దాన్ని గ్రీన్ అంటారు. బంతి గ్రీన్ మీదకి చేరాక, దాన్ని తీసి తుడుచుకోవచ్చు. మీ బంతి ఇంకొకరి దారికి అడ్డంగా ఉన్నా తీయాలి. తీసిన చోటే మళ్ళీ పెట్టాలి కాబట్టి, తీసే ముందు బంతికి సరిగ్గా వెనకో, పక్కనో ఒక గుర్తు పెట్టాలి. ఆ గుర్తే మార్కర్. మన తొక్కుడుబిళ్ళ ఆటలో బిళ్ళ గీత మీద పడిందా లోపల పడిందా అని ఎంత గొడవ పడేవాళ్ళమో గుర్తుందా? ఇక్కడా అంతే పట్టింపు, కాకపోతే కొట్టుకోరు.

బంతిని ఎత్తడమనేది ఈ ఆటలో మొదటి నుంచీ ఉంది. 1744లో స్కాట్లండ్‌లోని లీత్ ఊరి ఆటగాళ్ళు రాసుకున్న 13 నిబంధనల్లోనే, రెండు బంతులు ఒకదానికొకటి తగిలి ఉంటే ముందున్నదాన్ని ఎత్తి, వెనకదాన్ని ఆడనివ్వాలని ఉంది. కానీ తగలకుండా కేవలం అడ్డంగా ఉంటే? చాలా కాలం ఆ బంతిని కదిలించేవాళ్ళు కాదు. ఇద్దరు ఎదురెదురుగా ఆడే పోటీల్లో అవతలివాడి బంతి మీ దారిలో ఉంటే, మీ తిప్పలు మీరు పడాల్సిందే. పైనుంచి దాటించాలి, లేదా చుట్టూ తిప్పి కొట్టాలి. దీన్ని స్టైమీ అనేవారు. రెండు బంతుల మధ్య ఆరు అంగుళాల లోపు ఉంటేనే ఎత్తేవాళ్ళు. అది కొలవడానికి వీలుగా స్కోరు కార్డుల్ని ఆరు అంగుళాలు ఉండేలా అచ్చు వేయించుకున్న క్లబ్బులు కూడా ఉన్నాయి. 1952లో బ్రిటన్‌లోని ఆర్ అండ్ ఏ, అమెరికాలోని యూఎస్‌జీఏ అనే గోల్ఫ్ సంస్థలు కలిసి రాసిన ఉమ్మడి నిబంధనల్లో స్టైమీని తీసేశారు. అడ్డమున్న బంతిని ఎత్తించడం అక్కడి నుంచి మామూలైంది. అంటే ఈ బిళ్ళకి గిరాకీ పెరగడానికి ఒక రూలు మారడమే కారణం. స్కూళ్ళలో టై, బెల్టు తప్పనిసరి చేసినప్పుడు మా వ్యాపారం పెరిగినట్టు.

రూలు ఏం ఒప్పుకుంటుంది, ఏం ఒప్పుకోదు

ఇది తెలియకుండా డిజైను మాట్లాడకూడదు. గుర్తుగా పెట్టేది మనిషి చేసిన వస్తువు అయి ఉండాలి. నాణెం, టీ పుల్ల (మొదటి దెబ్బకి బంతిని నిలబెట్టే చిన్న మేకు), దీనికోసమే చేసిన బిళ్ళ, మరేదైనా చిన్న సామాను, ఏదైనా సరే. ఆకు, పువ్వు, గులకరాయి కుదరవు. ఏ గుర్తూ పెట్టకుండా బంతి తీసినా, గుర్తు తీయకుండా అక్కడే ఉంచి బంతి కొట్టినా ఒక స్ట్రోక్ దండగ, అంటే కొట్టని దెబ్బ ఒకటి లెక్కలో కలుస్తుంది. తిరిగి తప్పు చోట పెట్టి ఆడితే ఇంకా ఎక్కువ, రెండు స్ట్రోకులు. గ్రీన్ మీద పొరపాటున కాలు తగిలి బిళ్ళ జరిగితే మాత్రం ఇప్పుడు శిక్ష లేదు, మళ్ళీ దాని చోట పెట్టుకుంటే చాలు.

తప్పు చోట అంటే ఎంత తప్పు? 2017లో ఏఎన్ఏ ఇన్‌స్పిరేషన్ అనే పెద్ద మహిళల పోటీలో లెక్సీ థాంప్సన్ శనివారం 17వ గుంట దగ్గర బంతిని ఒక అంగుళం అటూ ఇటుగా పెట్టింది. టీవీలో చూసిన ఒక ప్రేక్షకుడు ఈమెయిల్ పంపాడు. మర్నాడు ఆఖరి రౌండు మధ్యలో, ఆమె ఆధిక్యంలో ఉండగా, తప్పు చోట ఆడినందుకు రెండు, తప్పు స్కోరు కార్డు మీద సంతకం పెట్టినందుకు రెండు, మొత్తం నాలుగు స్ట్రోకులు కలిపారు. ఆమె ప్లేఆఫ్ (లెక్క సమానమైతే ఆడించే అదనపు ఆట) దాకా లాక్కొచ్చింది గానీ ఓడిపోయింది. ఈ సంగతి డాక్టరు గారు చెప్పిన రోజు నుంచి, నేను చేసే ప్రతి బిళ్ళ మీదా అంచు దగ్గర ఒక చిన్న గీతో, బాణమో పెట్టమని సలహా ఇస్తున్నాను. గుండ్రటి బిళ్ళకి ఎటు నుంచి చూసినా ఒకటే ముఖం. గీత ఉంటే బంతి ఏ అంచుకి ఆనించి ఉందో గుర్తుంటుంది.

ఇంకో మాట. పైన నీటి బుడగ ఉండి వాలు చూపించే మార్కర్లు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. తాపీమేస్త్రీ మట్టం లాంటివే, చిన్నవి. రౌండు ఆడుతుండగా వాటితో గ్రీన్ వాలు కొలవడం నిబంధనలకి విరుద్ధం. ఇంట్లో కార్పెట్ మీద ప్రాక్టీసుకి తప్ప పనికిరాదు. అలాంటివి చేయించమంటే నేను చేయను.

నాణెం: ఖర్చు లేదు, ఫిర్యాదు లేదు

మీరు ఒక్కరే, మీ కోసమే చూసుకుంటున్నారా? అయితే కొట్టుకి రావద్దు. జేబులో ఉన్న రూపాయి తీయండి. అమెరికా గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్ అంతటివాడు ఆడేటప్పుడు జేబులో మూడు అమెరికన్ పెన్నీలు పెట్టుకునేవాడు. ఆయన్ని మించిన బిళ్ళ మనకెందుకు?

పెన్నీ వ్యాసం దాదాపు 19 మిల్లీమీటర్లు. మన పాత పావలా, ఖడ్గమృగం బొమ్మ ఉండేది, అదీ 19 మిల్లీమీటర్లే. 2011 జూన్ 30 నుంచి పావలా చెల్లడం మానేసింది గానీ గ్రీన్ మీద ఇంకా చెల్లుతుంది. ఇంట్లో పాత డబ్బాల్లో వెతికితే ఒకటి రెండు దొరుకుతాయి. మరీ చిన్నది అనిపిస్తే 2011లో వచ్చిన ₹ గుర్తు ఉన్న రూపాయి సుమారు 22, అంతకు ముందు రూపాయి 25, పది రూపాయల బిళ్ళ 27. పన్నెండు మూలల ఇరవై రూపాయలదీ 27 మిల్లీమీటర్లే, పైగా మూలలున్నాయి కాబట్టి ఒక మూలని బంతి వైపు పెట్టుకుంటే దిక్కు గుర్తుంటుంది. నాకు నచ్చిన నాణెం అదే.

నాణేలతో ఒక గమ్మత్తు ఉంది. అయస్కాంతం దగ్గర పెడితే స్టీలు రూపాయి, స్టీలు పావలా టక్కున అంటుకుంటాయి. పసుపు రంగు అయిదు రూపాయలు అంటుకోదు, అది నికెల్ ఇత్తడి. టోపీకి పెట్టుకునే అయస్కాంతం క్లిప్పు మీ దగ్గర ఇప్పటికే ఉంటే రూపాయి బిళ్ళే దానికి మార్కర్.

ఒకాయన 2023లో విడుదలైన ఎన్టీఆర్ శతజయంతి వంద రూపాయల నాణెం తెచ్చి "దీనికి క్లిప్పు చేసి పెట్టండి బాబాయ్" అన్నారు. అభిమానం నాకు మాత్రం లేదా! కానీ ఆ నాణెం వ్యాసం 44 మిల్లీమీటర్లు. గోల్ఫ్ బంతి వ్యాసమే 42.67. బంతికంటే పెద్ద బిళ్ళ పక్కన పెడితే దేనికేది గుర్తో తెలియదు. సగం వెండి ఉన్న నాణేన్ని తడి గడ్డిలో వేయడం కూడా నాకు మనసొప్పలేదు. భద్రంగా దాచుకోమని పంపించాను. ఇంకొకరు పది రూపాయల బిళ్ళకి బెజ్జం వేసి, ఒక వైపు అరగదీసి లోగో దించమన్నారు. అది నేను చేయను. చెలామణీలో ఉన్న నాణేన్ని కరిగించడం, పాడుచేయడం 2011 నాటి నాణేల చట్టం ప్రకారం నేరం. దాన్ని దాని మానాన వాడుకోండి, దాని మీద పనితనం వద్దు.

ఇనుమా, ఇత్తడా: నేను చేసిన తప్పు

ఇప్పుడు చేయించుకునేవాళ్ళ సంగతి. డాక్టరు గారి ఆర్డరు: అరవై బిళ్ళలు, ఒక్కోదానికీ టోపీ అంచుకి తగిలించుకునే అయస్కాంతం క్లిప్పు. క్లిప్పులు ఆయనే తెప్పించారు. బిళ్ళ నా పని.

మా దగ్గర మెడల్స్‌కి ఎప్పుడూ ఇత్తడి రేకే వాడతాం. మెత్తగా ఉంటుంది, ప్రెస్ ఒక్క దెబ్బకి అచ్చు లోతుగా దిగుతుంది, డై (అచ్చు దిమ్మె) తొందరగా అరగదు. అలవాటు ప్రకారం ఇత్తడిలోనే మొదటి ముప్పై కొట్టించాను. ఆటోనగర్‌లో ప్లేటింగ్ చేయించాను. మా ఎనామిల్ అక్క రెండు రోజులు కూర్చుని సిరంజితో చుక్క చుక్కగా రంగు నింపింది. చూడముచ్చటగా వచ్చాయి. డాక్టరు గారు వచ్చి ఒకటి తీసి క్లిప్పు మీద పెట్టారు. జారి కౌంటర్ మీద పడింది. ఇంకోటి పెట్టారు. అదీ పడింది. ఇత్తడి అయస్కాంతానికి అంటుకోదన్న సంగతి ఏడో తరగతి పిల్లాడికి కూడా తెలుసు. ముప్పై ఏళ్ళుగా లోహంతో బతుకుతున్న నాకు తట్టలేదు. పైన నికెల్ ప్లేటింగ్ ఉంది కదా అంటారేమో. ఆ పొర ఎంత పల్చన అంటే, బిళ్ళ బరువు మోసేంత పట్టు దానికి ఉండదు. ఆ ముప్పై ఇప్పటికీ మా డ్రాయరులో ఉన్నాయి. చిల్లర లేనప్పుడు మా అబ్బాయి వాటిని చూపించి నన్ను ఆటపట్టిస్తుంటాడు.

కాబట్టి మొదటి ప్రశ్న అందం కాదు. బిళ్ళని ఎక్కడ పెట్టుకుంటారు? జేబులోనా, అయస్కాంతం మీదనా?

జేబులో అయితే ఇత్తడి, రాగి, జింక్ మిశ్రమం ఏదైనా సరే. ఇత్తడి బరువుగా, చేతికి నిండుగా ఉంటుంది, తుప్పు పట్టదు, ఏళ్ళు గడిచేకొద్దీ రంగు ముదిరి ఇంకా బాగుంటుంది. పూజ సామాను చూశారుగా, అలా. జింక్ మిశ్రమాన్ని కరిగించి అచ్చులో పోస్తారు కాబట్టి అంచులు వంకర్లు, మధ్యలో బెజ్జాలు, ఏ ఆకారమైనా వస్తుంది. కానీ అది కాస్త పెళుసు, పల్చగా పోస్తే విరుగుతుంది.

అయస్కాంతం మీద అయితే ఇనుము తప్ప దారి లేదు. ఇనప రేకుని డైతో కొట్టి, ముందు రాగి, దాని మీద నికెల్ ప్లేటింగ్ వేస్తారు. రెండు బలహీనతలున్నాయి. ఇత్తడిలో దిగినంత లోతుగా అచ్చు దిగదు, సన్నటి అక్షరాలు మూసుకుపోతాయి. ప్లేటింగ్ ఎక్కడ గీసుకుపోయినా అక్కడ తుప్పు మొదలవుతుంది. గోల్ఫ్ ఆడేది పొద్దున్నే, గ్రీన్ మీద మంచు, లేదంటే అప్పుడే వదిలిన నీళ్ళు. తడి బిళ్ళని తుడవకుండా జేబులో తాళాలతో కలిపి పడేస్తే ఏడాదిలో అంచు ఎర్రబడుతుంది. డాక్టరు గారి అరవై బిళ్ళలూ మళ్ళీ ఇలాగే చేశాను, ప్లేటింగ్ కాస్త మందంగా వేయించి.

తుప్పు వద్దు, అయస్కాంతం కావాలి అంటే స్టీలు. అందులోనూ చూసి తీసుకోవాలి. వంటింటి సామానుకి వాడే 304 రకం స్టీలు అయస్కాంతానికి సరిగా అంటుకోదు. 430 రకం అంటుకుంటుంది. దాని మీద లేజర్‌తో గీయించుకోవచ్చు. ఎత్తుపల్లాలు, రంగులు ఉండవు, నలుపు గీతలే. కానీ డై ఖర్చు లేదు కాబట్టి అయిదు బిళ్ళలు చేయించుకునేవాళ్ళకి దీనికి మించినది లేదు.

అయస్కాంతం గురించి డాక్టరు గారు చెప్పిన మాట ఒకటి ఇక్కడే చెప్పాలి. గుండెకి పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్ళు ఈ క్లిప్పుల్ని చొక్కా పై జేబులో పెట్టుకోకూడదు. గోల్ఫ్ ఆడేవాళ్ళలో వయసు మళ్ళినవాళ్ళు ఎక్కువ కాబట్టి, పది మందికి బహుమతిగా ఇచ్చేటప్పుడు ఈ సంగతి చెప్పి ఇవ్వండి. వాళ్ళకి మామూలు జేబు బిళ్ళే ఇవ్వడం ఇంకా మేలు.

ఎనామిల్‌లో రకాలు

సాఫ్ట్ ఎనామిల్ అంటే, అచ్చు కొట్టిన బిళ్ళకి ముందే ప్లేటింగ్ చేసి, పల్లాల్లో రంగు నింపి, ఓవెన్‌లో ఆరబెట్టడం. ఆరాక రంగు కొంచెం కిందికి దిగుతుంది, లోహం గీతలు పైకి నిలుస్తాయి. వేలితో తడిమితే తెలుస్తుంది. మన స్కూలు బ్యాడ్జీలన్నీ ఇవే. ఆ పల్లాల్లో మట్టి, గడ్డి ముక్కలు చేరతాయి. పాత టూత్ బ్రష్‌తో తోముకోవాలి.

హార్డ్ ఎనామిల్‌లో రంగుని అంచు దాకా పోసి గట్టిపరిచి, రాయి మీద అరగదీసి, లోహం, రంగు ఒకే మట్టానికి వచ్చేలా పాలిష్ చేస్తారు. ప్లేటింగ్ ఆఖర్న. అద్దంలా ఉంటుంది, మట్టి నిలవదు, గీతలు తక్కువ. పని ఎక్కువ కాబట్టి ఖర్చూ ఎక్కువే. అమ్మేవాళ్ళు దీన్ని అసలైన మీనా పని అని చెప్తే నమ్మకండి. పాతకాలపు మీనా అంటే గాజు పొడిని రాగి మీద పరిచి 800 డిగ్రీల దగ్గర కొలిమిలో కరిగించడం. ఇప్పుడు మార్కెట్లో హార్డ్ ఎనామిల్ పేరుతో వచ్చేది చాలావరకు రెసిన్. అది తప్పేం కాదు, బాగుంటుంది కూడా. గాజు ధర పెట్టకుండా ఉంటే చాలు.

మూడోది డోమ్. కంప్యూటర్లో ప్రింటు తీసిన స్టిక్కరు అంటించి, పైన ఎపాక్సీ చుక్క వేస్తారు, బుడగలా నిలుస్తుంది. ఫొటో వేయించుకోవచ్చు, ఎన్ని రంగులైనా సరే, రెండు రోజుల్లో చేతికి వస్తుంది, చవక. పెళ్ళి రిటర్న్ గిఫ్టు కింద ఇవ్వాలంటే ఇదే. కానీ మన ఎండలకి ఇది నిలవదు. రోహిణి కార్తెలో గుంటూరులో కారు డాష్‌బోర్డు మీద వదిలేసిన ఒక డోమ్ బిళ్ళని నాకు తెచ్చి చూపించారు. పసుపు పచ్చగా మారి, ఒక పక్క ఊడి, అప్పడంలా లేచింది. నా పనేనని ఒప్పుకుని డబ్బులు తీసుకోకుండా మార్చి ఇచ్చాను. అప్పటి నుంచి డోమ్ అడిగినవాళ్ళకి ఆ ఊడిన బిళ్ళనే ముందు చూపిస్తున్నాను.

ప్లాస్టిక్, చెక్క, పోకర్ బిళ్ళ

ప్లాస్టిక్‌వి ఊరికే వస్తాయి. గ్లౌజు గుండీలోనే ఒకటి ఉంటుంది. తేలిక, చొక్కా గుండీలా ఉంటాయి, తడి బూటుకి అంటుకుని వెళ్ళిపోతాయి. వెనక చిన్న ముల్లు ఉండి గడ్డిలో గుచ్చేవి గాలికి కదలవు. చిన్నపిల్లలకి నేర్పించేటప్పుడు పారేసుకున్నా బాధ ఉండదు. ఇంతకంటే చెప్పడానికేం లేదు.

చెక్క మీద నాకు ఆశ ఉండేది. కొండపల్లి బొమ్మల తెల్ల పొణికితో చేయిస్తే, దాని మీద ఆ ఎరుపు, పసుపు రంగులు వేయిస్తే ఎంత బాగుంటుంది! రెండు చేయించి చూశాను. పొణికి ఎంత తేలికంటే, ఊదితే కదులుతుంది. బొమ్మకి అదే గొప్ప, మార్కర్‌కి అదే లోపం. పైగా తడి తగిలితే రంగు దిగుతుంది. ఆ రెండూ మా కౌంటర్ మీద అలంకారంగా ఉన్నాయి. బిళ్ళల్ని పెట్టి ఇవ్వడానికి కొండపల్లి పని పెట్టె చేయిస్తే మాత్రం బహుమతి వెలుగుతుంది, అలా ఒకసారి చేయించాం.

పోకర్ బిళ్ళల ఫ్యాషన్ ఇప్పుడు బాగా ఉంది. వ్యాసం 40 మిల్లీమీటర్లు, బంతి అంత. దూరం నుంచి కనిపిస్తుంది, లోగోకి చోటు ఎక్కువ, క్లబ్బు పేరు చుట్టూ రాయించుకోవచ్చు. జ్ఞాపికగా అందుకే నచ్చుతుంది. కానీ మూడు మిల్లీమీటర్ల పైన మందం. మీ బంతి గుంటకి దగ్గరగా ఉంది, అవతలివారి పుట్ (గ్రీన్ మీద బంతిని దొర్లించే దెబ్బ) మీ బిళ్ళ మీదుగా రావాలి. ఆ ఎత్తుకి తగిలితే బంతి ఎటు తిరుగుతుందో చెప్పలేం. అప్పుడు బిళ్ళని పక్కకి జరపమంటారు. పుటర్ (పుట్ కొట్టే కర్ర) తలని కొలతగా పెట్టి, ఎదురుగా ఉన్న ఏదో చెట్టుకి గురి చూసుకుని, పక్కకి జరపాలి, ఆ తర్వాత మర్చిపోకుండా అదే లెక్కన వెనక్కి జరపాలి. మర్చిపోతే అదే తప్పు చోట. విశాఖలో నేను చూసిన రోజు ఒక పెద్దాయన తన పోకర్ బిళ్ళని జరిపి, కబుర్లలో పడి, జరిపిన చోటి నుంచే బంతి పెట్టబోయారు. పక్కనున్న కేడీ (ఆటగాడి బ్యాగు మోసే) కుర్రాడు "సార్, సార్" అని అరవబట్టి సరిపోయింది. ఆడేటప్పుడు 25 మిల్లీమీటర్ల పల్చటి బిళ్ళ వాడండి, పోకర్ బిళ్ళని బ్యాగుకి వేలాడదీసుకోండి.

రంగు విషయంలో గుంటూరు పాఠం

డాక్టరు గారి డిజైను ఏమిటంటే, గుంటూరు కాబట్టి ఎర్ర మిరపకాయ. బిళ్ళ అంతా ఎరుపు, మధ్యలో మిరపకాయ బొమ్మ, ఆకుపచ్చ తొడిమ. కాగితం మీద అదిరిపోయింది. ఆకుపచ్చ గడ్డి మీద ఎరుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుందని నేనూ అనుకున్నాను. విశాఖలో ఆ బృందంలో ఒకాయన తన బిళ్ళ ఎక్కడ పెట్టారో వెతుక్కుంటూ గ్రీన్ మీద వంగి తిరుగుతున్నారు. మాకు అందరికీ కనిపిస్తోంది, ఆయనకి కనిపించడం లేదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియని చూపు ఉంటుందిగా, ఆయనది అదట. పుట్టుకతో వచ్చేది, మగవాళ్ళలోనే ఎక్కువ. ఆ తర్వాత చేసిన బిళ్ళలకి ఎరుపు చుట్టూ తెల్లటి అంచు వేస్తున్నాం. మిరపకాయ పోలేదు, తెలుపు వల్ల అందరికీ కనిపిస్తోంది. పసుపు అంచు కూడా పనిచేస్తుంది. ముదురు ఆకుపచ్చ, నలుపు, పాలిష్ చేయని రాగి రంగు వద్దు, గడ్డిలో కలిసిపోతాయి.

మెరుపు కూడా ఎక్కువ వద్దు. అద్దంలా పాలిష్ చేసిన నికెల్ పొద్దుటి ఎండలో తళుక్కుమని అవతలివారి కళ్ళలో పడుతుంది. ప్లేటింగ్ వాళ్ళకి "మ్యాట్ నికెల్" అని చెప్తే చాలు, ఖర్చులో తేడా ఉండదు.

ఎవరికి ఏది

ఒక్కరికైతే నాణెం, ఇది ముందే చెప్పాను. అయిదారుగురు స్నేహితులకైతే 430 స్టీలు మీద లేజర్. డై ఖర్చు పదికీ అంతే, అయిదు వందలకీ అంతే. కాబట్టి డై చేయించేది కనీసం యాభై ఉంటేనే. యాభై దాటి, ఏటేటా అదే పోటీ పెట్టేవాళ్ళయితే ఇనుము మీద సాఫ్ట్ ఎనామిల్, అయస్కాంతం క్లిప్పుతో. డైని దాచిపెట్టమనండి, వచ్చే ఏడాది సంవత్సరం అంకె ఒక్కటే మార్చుకోవచ్చు. దానికోసం సంవత్సరాన్ని వెనక వైపు లేజర్‌తో రాయించుకోండి, ముందు వైపు డైలో పెట్టకండి. మొదటి ఏడాది మేం డైలోనే పెట్టాం. రెండో ఏడాది కొత్త డై కొట్టించాల్సి వచ్చింది, ఆ ఖర్చు చెరిసగం పంచుకున్నాం. సన్మానాలకి, పదవీ విరమణలకి ఇచ్చేదైతే ఇత్తడి మీద హార్డ్ ఎనామిల్. అయస్కాంతం పెట్టకండి, చిన్న గుడ్డ సంచిలో పెట్టి ఇవ్వండి.

ఆర్డరు ఎక్కడిచ్చినా, మొత్తం సరుకు కొట్టించే ముందు ఒక్క బిళ్ళ నమూనాగా తీసుకోండి. దాన్ని మీ క్లిప్పు మీద పెట్టి తలకిందులుగా ఊపండి. రాత్రంతా నీళ్ళ గ్లాసులో వేసి ఉంచండి. పొద్దున తీసి, ఇంటి ముందు గడ్డి ఉంటే దాని మీద వేసి పది అడుగుల దూరం నుంచి చూడండి. మాకు ఇంటి ముందు గడ్డి లేదు. అందుకని కొట్టులో నాలుగు చదరపు అడుగుల ప్లాస్టిక్ పచ్చిక ముక్క పరిచి ఉంచాను. స్కూలు బ్యాడ్జీల కోసం వచ్చిన పిల్లలు దాని మీద తొక్కుడుబిళ్ళ ఆడుతుంటారు, డ్రాయరులో మిగిలిన ఆ ముప్పై ఇత్తడి బిళ్ళలతో.